స్వీడన్ ప్రజలా, స్వీడిష్ భాషీయులా?

సందేహం: ఫిన్లాండ్ మంత్రివర్గంపై ఒక వార్తను అనువదిస్తూ ‘స్వీడన్ ప్రజల పార్టీ’ అని రాశాను. సంపాదకులు దానిని ‘స్వీడిష్ ప్రజాపార్టీ’ అని దిద్దారు. రెంటికీ అర్థభేదం ఉన్నదా?

సమాధానం: ఉన్నది, సంపాదకుల సవరణే సరైనది. ‘స్వీడన్ ప్రజలు’ షష్ఠీ తత్పురుషం కనుక స్వీడన్ యొక్క ప్రజలు, అంటే ఆ దేశ పౌరులు, అనే అర్థమే వస్తుంది. ఈ పార్టీకి అండగా ఉన్నవారు స్వీడన్ పౌరులు కారు. స్వీడిష్ మాతృభాషగా తరతరాల నుంచి ఫిన్లాండ్‌లోనే స్థిరపడి ఉన్నవారు. హోసూరు తెలుగువారిని ‘ఆంధ్రప్రదేశ్ ప్రజలు’ అంటే ఎంత పొరపాటో ఇదీ అంతే.

1809 వరకు ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగం. తరువాత రష్యా చక్రవర్తి ఏలుబడిలోకి వెళ్లినా పాలనలోనూ ఉన్నత విద్యలోనూ చాలాకాలం స్వీడిషే చెలామణి అయింది. 1863లో రెండవ అలెగ్జాండర్ చక్రవర్తి ఫిన్నిష్‌కు అధికార వ్యవహారాలలో స్థానం కల్పిస్తూ ఉత్తర్వు ఇచ్చిన తరువాత ఫిన్నిష్ బలపడసాగింది. తమ భాషాస్థానాన్ని నిలుపుకోవాలనుకున్నవారు స్వీడిష్ పార్టీగా కూడుకున్నారు. ప్రభువులు, మతాచార్యులు, పట్టణ వర్తకులు, రైతులు వేరువేరుగా కూర్చునే నాటి ప్రతినిధి సభలో ఈ పార్టీ బలమంతా ప్రభువర్గంలోనూ వర్తకవర్గంలోనూ ఉండేది.

1906లో ఆ సభ రద్దయి, స్త్రీలతో సహా వయోజనులందరికీ ఓటుహక్కుతో 200 స్థానాల ఏకసభ ఏర్పడింది. పుట్టుకతో వచ్చిన సభాస్థానాలు పోయాయి. ఇక తీరప్రాంతాలలోని స్వీడిష్ రైతులు, జాలరులు ఓట్లు వేస్తేనే మనుగడ. ఆ ఏడాదే పాత పార్టీ స్థానంలో స్వీడిష్ ప్రజాపార్టీ వెలసింది, మరుసటి ఏడాది ఎన్నికలలో 24 స్థానాలు గెలిచింది. పేరులోని ‘ప్రజా’ శబ్దానికి ఇంత చరిత్ర ఉన్నది కనుక దానిని వదలి ‘స్వీడిష్ పార్టీ’ అని కుదించడం నాకు సమ్మతం కాదు. అలా కుదిస్తే 1906కు ముందున్న పార్టీయే స్ఫురిస్తుంది.

1919 రాజ్యాంగం ఫిన్నిష్, స్వీడిష్ రెంటినీ జాతీయ భాషలుగా గుర్తించింది. నేడు స్వీడిష్ భాషీయులు జనాభాలో సుమారు 5 శాతమే అయినా, ఈ పార్టీ 1979 నుంచి 2015 వరకు ఎడతెగకుండా ప్రభుత్వాలలో భాగస్వామిగా ఉన్నది. ఒక పురపాలక ప్రాంతంలో అల్పసంఖ్యాక భాషవారు 8 శాతమో 3,000 మందో ఉంటే అది ద్విభాషా ప్రాంతమవుతుంది; హెల్సింకిలో వీధి పేర్ల పలకలు రెండు భాషలలో కనిపించేది అందుకే. ఫిన్లాండ్‌కే చెంది, స్వీడిష్ ఒక్కటే అధికార భాషగా గల స్వయంపాలిత ఓలాండ్ దీవులలో మాత్రం వేరే స్థానిక పార్టీలు ఉన్నాయి. కనుక దీనిని ‘స్వీడిష్ భాషీయులందరి పార్టీ’ అని వర్ణించడమూ తగదు.

‘స్వీడిష్’ అనే మాట తెలుగులో భాషకూ దేశ సంబంధానికీ రెంటికీ చెల్లుతున్నది కాబట్టి, వార్తలో మొదటిసారి ‘ఫిన్లాండ్ స్వీడిష్ ప్రజాపార్టీ’ అని పూర్తిగా రాసి, తరువాత ‘స్వీడిష్ ప్రజాపార్టీ’ అంటే చాలు. ఓటర్ల ప్రస్తావన వచ్చినచోట ‘స్వీడన్ వారు’ అనక ‘స్వీడిష్ భాషీయులు’ అనే రాయండి.