హెచ్‌సీయూకి అంత మంచి పేరు ఎలా వచ్చింది, ఇప్పటికీ ఉందా?

అడిగింది ఇదీ: హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో (హెచ్‌సీయూ) పీహెచ్‌డీ సీటు వచ్చింది, దాని చరిత్ర ఏమిటి, బయట చెప్పుకునేంత పేరు నిజంగా ఉందా?

నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, పీహెచ్‌డీ రెండూ అక్కడే చేశాను. కాబట్టి ఈ జవాబులో కొంత మమకారం ఉంటుంది, అది తీసేసి చదువుకోండి.

హెచ్‌సీయూ పుట్టిందే ఒక రాజకీయ రాజీలోంచి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972లో జై ఆంధ్ర. ఉద్యోగాలు, ముల్కీ నిబంధనల (తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే నియమాల) మీద రెండు ప్రాంతాలూ భగ్గుమన్నాయి. ఆ గొడవ సర్దడానికి 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చారు. హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టాలన్నది అందులో ఒక సూత్రం. దానికోసం 32వ సవరణతో రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చి, 1974లో పార్లమెంటులో చట్టం చేశారు. మొదట్లో యూనివర్సిటీ నడిచింది అబిడ్స్‌లోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో, అంటే సరోజినీ నాయుడు ఇంట్లో. ఆవిడ తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ కూడా కెమిస్ట్రీ మనిషే. కెమిస్ట్రీ వాళ్లం ఈ మాట కాస్త గర్వంగానే చెప్పుకునేవాళ్లం. తర్వాత గచ్చిబౌలికి మారింది. ఇవాళ చుట్టూ ఐటీ కంపెనీలు కనిపిస్తాయి గానీ అప్పట్లో అదంతా రాళ్లూ గుట్టలే.

ఇక పేరు సంగతి. నన్నడిగితే అసలు కారణం ఒక్కటే: దీనికి అనుబంధ కాలేజీలు లేవు. ఉస్మానియా లాంటి యూనివర్సిటీ వందల కాలేజీలకు సిలబస్‌లు తయారు చేయాలి, పరీక్షలు పెట్టాలి, రిజల్ట్స్ ఇవ్వాలి. హెచ్‌సీయూకి ఆ బరువు లేదు. మొదటి నుంచీ పీజీ, పరిశోధన మీదే నడిచింది. ఇంటర్ తర్వాత చేరే ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సులు చాలా ఆలస్యంగా వచ్చాయి. దాంతో మాస్టార్లకు ల్యాబ్‌లో కూర్చునే టైమ్ దొరికింది. ఉస్మానియా వాళ్లు ఈ పోలికకు ఒప్పుకోరు, వాళ్ల చరిత్ర వాళ్లకుంది.

మొదటి వీసీ (వైస్ ఛాన్సలర్) గురుబక్ష్ సింగ్ ఆర్గానిక్ కెమిస్ట్. గోవర్ధన్ మెహతా, గౌతమ్ దేశిరాజు లాంటి వాళ్లు ఇక్కడ పనిచేసిన రోజుల్లోనే మా డిపార్ట్‌మెంట్‌కు దేశం బయట కూడా గుర్తింపు వచ్చింది. క్రిస్టల్ ఇంజనీరింగ్ (కావలసిన గుణాలున్న స్ఫటికాలను రూపొందించే శాస్త్రం) అనగానే ఆ రంగంలో దేశిరాజు పేరు వినిపిస్తుంది. సైన్స్ ఒక్కటే కాదు. ద్రావిడ భాషల మీద ప్రపంచం లెక్కచేసే పని చేసిన భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1986 నుంచి 1993 దాకా ఇక్కడ వీసీ. భాషాశాస్త్రం, అనువాద అధ్యయనాల విభాగానికి ఇప్పటికీ విలువుంది. 2015లో ఉత్తమ కేంద్రీయ విశ్వవిద్యాలయంగా రాష్ట్రపతి చేతుల మీదుగా విజిటర్స్ అవార్డు, ఆ తర్వాత మేటి విద్యాసంస్థలకు కేంద్రం ఇచ్చే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఎమినెన్స్ హోదా కూడా వచ్చాయి.

పేరంటే మంచిదొక్కటే కాదు. 2016 జనవరిలో పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల ఆత్మహత్య తర్వాత దేశమంతా ఈ క్యాంపస్ వైపు చూసింది. కులం గురించి అక్కడ మొదలైన చర్చ ఆగలేదు, ఆగకూడదు కూడా. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల గొడవ మీరూ చూసే ఉంటారు. భూమి తనదేనంది రాష్ట్ర ప్రభుత్వం, విద్యార్థులు రోడ్డెక్కారు, చివరికి చెట్లు కొట్టడం ఆపమని సుప్రీంకోర్టు చెప్పింది. చేరాక ఈ రెండింటి గురించీ రోజూ ఎక్కడో ఒకచోట వింటారు. రాజకీయాలంటే టెన్షన్ పడే ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

మీ విషయానికొస్తే, పీహెచ్‌డీలో యూనివర్సిటీ పేరు బయోడేటాలో ఒక లైనే. అక్కడ ఒక్కో స్కూల్‌ది (కెమిస్ట్రీ లాంటి విభాగాలను అక్కడ స్కూల్ అంటారు) ఒక్కో స్థాయి, ఒకే స్కూల్‌లో కూడా ఒక్కో ల్యాబ్‌ది ఒక్కో కథ. మీ గైడ్ దగ్గర ఈమధ్య థీసిస్ సబ్మిట్ చేసినవాళ్లకు ఎన్నేళ్లు పట్టింది, ఇప్పుడెక్కడ ఉన్నారు, ప్రాజెక్టు డబ్బు ఇంకెన్నాళ్లు ఉంటుంది? ఇవి ఆ ల్యాబ్ సీనియర్లనే అడగండి. సాయంత్రం గోప్స్ క్యాంటీన్‌లో టీ ఇప్పిస్తే ఆఫీసులో చెప్పనివి కూడా చెప్తారు. ఫెలోషిప్ లేకుండా చేరుతున్నట్లయితే జేఆర్‌ఎఫ్ (నెట్ పరీక్షతో వచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) రాయడం మాత్రం ఆపకండి. నాన్ నెట్ కింద, అంటే ఆ ఫెలోషిప్ లేనివాళ్లకు ఇచ్చే సాయం కింద, నెలకు వచ్చే 8,000 రూపాయలతో హైదరాబాద్‌లో నెల గడవదు.