యాభై ఎనిమిది సార్లు మధ్య గీత దగ్గరికి

చెన్నై, ట్రిప్లికేన్
ఆదివారం

చిరంజీవికి ఆశీస్సులు.

ఐస్ హాకీ ప్రపంచ పోటీల మీద నువ్వు రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ అందాయి. చదువుతూ చదువుతూ పద్నాలుగో పేజీ దగ్గర ఆపి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, వంటింట్లోకి వెళ్ళి కాఫీ కలుపుకున్నాను. కోపం వచ్చినప్పుడు నేను చేసే పని అది. ఆ పేజీలో నువ్వు రాసిన వాక్యం ఇది: "1987లో పెర్త్‌లో జరిగిన గ్రూప్ డి (అట్టడుగు అంచె) పోటీలో ఆస్ట్రేలియా న్యూజిలాండ్‌ను 58–0తో ఓడించడం ప్రపంచ ఐస్ హాకీ పోటీల చరిత్రలోనే అత్యంత హాస్యాస్పదమైన ఘట్టం." అంతే. పక్క పేరాలో కెనడా స్వర్ణాల లెక్క మొదలుపెట్టావు.

హాస్యాస్పదం ఎవరికి నాయనా?

ఐస్ హాకీ గురించి నాకు తెలిసినదాంట్లో చాలా వరకు నీ పేజీల్లోంచి నేర్చుకున్నదే. ఇరవై నిమిషాల చొప్పున మూడు భాగాలని, గోల్ పడిన ప్రతిసారీ ఆట మళ్ళీ నడిమధ్య గీత దగ్గర మొదలవుతుందని, రిఫరీ రబ్బరు బిళ్ళను ఇద్దరి కర్రల మధ్య జారవిడుస్తాడని మూడో పేజీలో నువ్వే చెప్పావు. మరి లెక్క వేసుకోలేదా? అరవై నిమిషాల్లో యాభై ఎనిమిది గోల్స్. అంటే నిమిషానికి ఒకటి పడుతూనే ఉంది. పడిన ప్రతిసారీ న్యూజిలాండ్ కుర్రవాడొకడు తల వంచుకుని, ఆ మంచు మీద జారుకుంటూ మధ్యకు వచ్చి, కర్ర కింద పెట్టి నిలబడాలి. పదోసారి వచ్చాడు. ఇరవయ్యోసారి వచ్చాడు. మొదటి ఇరవై నిమిషాలు గడిచేసరికే ఆట అయిపోయిందని ఆ హాల్లో తెలియనివాళ్ళు లేరు. అయినా ఇంకా నలభై నిమిషాలు మిగిలి ఉన్నాయి. నలభయ్యోసారి వచ్చినవాడు ఏమనుకుంటూ వచ్చాడు? గోలీ, అంటే గోల్ కాచేవాడు, నీళ్ళ సీసా ఎత్తి తాగేటప్పుడు ఎటు చూశాడు? కథంతా అక్కడుంటే నువ్వు దాన్ని నవ్వులాటగా ఒక్క వాక్యంలో దాటేశావు.

ఇది నీ ఒక్కడి తప్పు కాదు. మన కథకులందరికీ పట్టిన జబ్బు. దాని పేరు కొసమెరుపు. ఫలితం తేలిన క్షణంలో కథ అయిపోవాలి, చివరి వాక్యంలో పాఠకుడు ఉలిక్కిపడాలి. ఈ జబ్బును మనకు అంటించింది వారపత్రికల సంపాదకులు. ఇప్పుడు కొత్తగా ఫోనులో చదివే కథలొచ్చాయి, వాటికి ప్రతి పేజీకీ ఒక మెరుపు కావాలట. ఫలితం తేలిపోయాక కూడా మనిషి చేయవలసిన పని ఒకటి ఉంటుంది. దాన్ని రాయడం చేతకాక మెరుపు వెలిగించి తప్పుకుంటాం. ఇది నేను నలభై ఏళ్ళుగా చెబుతున్న మాట. విన్నవాళ్ళు తక్కువ.

1975 జనవరిలో నాకు ఇరవై రెండేళ్ళు. ఇదే ట్రిప్లికేన్‌లో ఒక పోర్షన్లో ఉండేవాళ్ళం. చేపాకం స్టేడియంలో వెస్టిండీస్‌తో క్రికెట్ టెస్టు. గాలి ఇటు వీస్తే జనం కేకలు మా వంటింట్లోకి వినిపించేవి. రేడియోలో వినేలోపే ఏదో జరిగిందని తెలిసిపోయేది. ఆండీ రాబర్ట్స్ అందరినీ కూల్చేస్తుంటే విశ్వనాథ్ ఒక్కడే నిలబడి 97 దగ్గర మిగిలిపోయాడు, చివరి ఆటగాడు చంద్రశేఖర్ అవుట్ కావడంతో. ఊరంతా విశ్వనాథ్ గురించి మాట్లాడుకుంటుంటే నాకు చంద్రశేఖరే కళ్ళ ముందు మెదిలాడు. బ్యాటింగ్ రాదని తనకు తెలుసు, లోకానికంతా తెలుసు, అయినా నడిచి వెళ్ళి ఆ చివర నిలబడాలి. అలాంటి పదకొండో ఆటగాడి మీద ఒక కథ రాశాను. ఒక వారపత్రికకు స్వయంగా తీసుకెళ్ళి ఇచ్చాను. సంపాదకుడు పాపం చదివాడు. చదివి, "అంతా బాగుందమ్మా, కానీ 97 దగ్గర ఆపేస్తే ఎలా? చివర్లో ఆ కుర్రాడి చేత సెంచరీ చేయించండి, అదిరిపోతుంది" అన్నాడు. చేయించనన్నాను. మూడు నెలల తర్వాత కథ అచ్చయింది, నిమ్మకాయ ఊరగాయ పెట్టే విధానం పక్కన, స్త్రీల పేజీలో. చివర సెంచరీ ఉంది. ఎవరు చేయించారో ఆ పత్రికవాళ్ళు ఈనాటికీ చెప్పలేదు. పారితోషికం పదిహేను రూపాయలు వచ్చింది, తీసుకున్నాను.

సరే, నీ సంగతికి వస్తాను.

నాలుగు పేజీల నిండా పట్టికలు గీశావు. డివిజన్ 1ఎ, 1బి, 2ఎ, 2బి, అలా 4 వరకు. ఏ గళ్ళో ఏ దేశం ఉందో చదివి నాకు కళ్ళు తిరిగాయి. తీసెయ్. ఇదంతా వైకుంఠపాళి అని ఒక్క ముక్క చెబితే మా పనిమనిషికి కూడా అర్థమవుతుంది. పై గడిలో 16 జట్లు, ఎనిమిదేసి చొప్పున రెండు గుంపులు. ఒక్కో గుంపులో అట్టడుగున ఉన్నదాన్ని పాము మింగుతుంది. కింది గడిలో బాగా ఆడిన రెండింటికి నిచ్చెన దొరుకుతుంది. కాకపోతే ఈ వైకుంఠపాళిలో పెద్ద పామూ లేదు, పెద్ద నిచ్చెనా లేదు. ఏడాదికి ఒక్క మెట్టే ఎక్కడం, ఒక్క మెట్టే జారడం. నాకు బాగా నచ్చింది అదే. లాట్వియా గురించి నువ్వు ఒక గడిలో రాసి వదిలేశావు. కొత్తగా స్వతంత్రం వచ్చిన ఆ చిన్న దేశం 1993లో గ్రూప్ సిలో (అప్పట్లో ఈ గడులకు గ్రూపులని పేరు) మొదలుపెట్టింది, 1996లో బి గెలిచింది, 1997 నుంచి పై గడిలో నిలబడి ఉంది. 2023లో అమెరికాను అదనపు సమయంలో ఓడించి కాంస్యం గెలిస్తే, వాళ్ళ పార్లమెంటు అర్ధరాత్రి సమావేశమై మర్నాడు దేశానికంతటికీ సెలవు ప్రకటించింది. మూడో స్థానానికి సెలవు! స్వర్ణాలు లెక్కపెట్టేవాడికి ఇది ఎప్పటికీ అర్థం కాదు.

బ్రిటన్ సంగతైతే నువ్వు రాయనే లేదు, మా మనవడు చెప్పాడు. 2018లో బుడాపెస్ట్‌లో వాళ్ళకు పైకి ఎక్కడానికి ఒక్క పాయింటు కావాలి. ఇంకా పదిహేను సెకన్లు ఉన్నాయనగా గోల్ కొట్టి సమం చేశారు. ఆ తర్వాత షూటౌట్‌లో, అంటే ఒక్కొక్కరుగా వెళ్ళి గోలీ మీదికి కొట్టే చోట, ఓడిపోయారు. ఓడినా, ఆట సమయంలో సమం చేసినందుకు ఆ ఒక్క పాయింటు దక్కింది కాబట్టి, ఆ మ్యాచ్ ఓడే పై గడిలోకి ఎక్కారు. మా సంపాదకుడి చేతికి దొరికితే షూటౌట్ కూడా గెలిపించేవాడు.

డెన్మార్క్ దగ్గర మాత్రం నీ మీద నాకు నిజంగా బాధ కలిగింది. 1949లో స్టాక్‌హోమ్‌లో మొదటిసారి వచ్చిన డెన్మార్క్‌ను కెనడా 47–0తో ఓడించిందని నువ్వే రాశావు. ఆ తర్వాత 2003 వరకు డెన్మార్క్ పై గడి మొహం చూడలేదు. యాభై నాలుగేళ్ళు. 2003లో తిరిగి వచ్చి అమెరికాను 5–2తో ఓడించింది, కెనడాతో 2–2తో సమంగా నిలిచింది. ఇక 2025 మే నెలలో సొంత గడ్డ మీద, హెర్నింగ్‌లో, క్వార్టర్ ఫైనల్లో, చివరి మూడు నిమిషాల దాకా 0–1తో వెనకబడి ఉండి రెండు గోల్స్ కొట్టి కెనడాను ఇంటికి పంపింది. నువ్వు అక్కడ గీత గీసి "ప్రతీకారం తీరింది" అని పేరా ముగించావు. ఎవరి ప్రతీకారం? 1949లో ఆడినవాళ్ళ మనవళ్ళకు కూడా ఆ స్కోరు గుర్తుండి ఉంటుందా? పైగా ఆట అక్కడ ఆగలేదు. రెండు రోజుల తర్వాత అదే జట్టు సెమీ ఫైనల్లో స్విట్జర్లాండ్ చేతిలో 7–0తో ఓడింది. ఆ తర్వాత కాంస్యం కోసం స్వీడన్‌తో ఆడి అదీ ఓడింది. ఈ రెండు మ్యాచ్‌లూ నీ పేజీల్లో లేవు. కావాలనే వదిలేశావు. కొసమెరుపు చెడిపోతుందని! కెనడాను ఓడించి, ఊరంతా వీధుల్లోకి వచ్చి కేకలు వేస్తుంటే విని, రెండు రాత్రుల తర్వాత ఏడు గోల్స్ తిన్న జట్టులోని గోలీ ఆ సాయంత్రం మేజోళ్ళు విప్పుకుంటూ ఎలా కూర్చున్నాడో రాస్తే అది కథ అవుతుంది నాయనా.

నా మాటే తీసుకో. 1983లో నా మొదటి కథల సంపుటి సొంత ఖర్చుతో 500 ప్రతులు వేయించాను. అమ్ముడుపోయినవి అరవై ఉండవచ్చు. మిగిలినవి సైదాపేటలో మేమున్న ఇంట్లో మంచాల కింద అట్టపెట్టెల్లో ముప్పై రెండేళ్ళు పడి ఉన్నాయి. 2015 డిసెంబరులో అడయార్ నది పొంగిన రాత్రి నీళ్ళు గడప దాటుతుంటే, బియ్యం డబ్బా, మా ఆయన మందులు, ఇన్సూరెన్సు కాగితాలు మేడ మీదికి చేర్చాను. పుస్తకాలు వదిలేశాను. ఆ నిర్ణయానికి నాకు పశ్చాత్తాపం లేదు, బియ్యం నాలుగు కుటుంబాలు తిన్నాయి. నీళ్ళు తీశాక పెట్టెలు తెరిస్తే పుస్తకాలన్నీ ఒకే ముద్ద, అట్లపిండిలా. పైవరసలో పన్నెండు ప్రతులు దక్కాయి. బట్టలారేసే తీగ మీద వేసి ఆరబెట్టాను. ఏడవలేదని రాసుకోవాలని ఉంది, కానీ ఏడ్చాను. మర్నాడు సగంలో ఉన్న కథ ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. అది గొప్ప కథేమీ కాదు, తర్వాత రెండు చోట్ల నుంచి తిరిగి వచ్చింది కూడా. ఆ పూట ఇంకేం చేయాలో తోచక రాశాను.

నీ ముందుమాటలో ఒకటి రాశావు చూడు, "మంచు అంటే పరిచయం లేని మన తెలుగువారికి, అందులోనూ చెన్నైలో ఉన్నవారికి" అని. ఇంటి నుంచి బయటికి వస్తే నేను బస్సెక్కే చోటు పేరేమిటో తెలుసా? ఐస్ హౌస్. 1842లో కట్టారు. బోస్టన్ చుట్టుపక్కల గడ్డకట్టిన చెరువుల్లో మంచును రంపాలతో కోసి, రంపపు పొట్టులో పొదిగి, ఓడల్లో వేసి మద్రాసు తెచ్చి అందులో దాచేవారు. 1897లో వివేకానందుడు బస చేసింది కూడా ఆ భవనంలోనే. మంచు మనకు పరిచయం లేదట! 1930లో ఫ్రాన్స్‌లోని షమోనీలో ఎండకు మంచు కరిగిపోయి ప్రపంచ పోటీని మధ్యలో బెర్లిన్‌కు మార్చారని నువ్వే రాశావు కదా. చెన్నైవాడికి నవ్వు రావలసిన చోటు అది. అక్కడ నువ్వు మొహం గంభీరంగా పెట్టుకున్నావు, 58–0 దగ్గర నవ్వావు.

ఇంకొకటి. షోలింగనల్లూరులో రాత్రి ఉద్యోగమని, కెనడావాళ్ళ పని చేస్తావని, మ్యాచ్ ఉన్న రోజు వాళ్ళు ఫోనులో ఆట మాటలే మాట్లాడతారని, అలా ఈ పిచ్చి పట్టిందని నాకు రాసిన ఉత్తరంలో చెప్పావు. మే నెల చెన్నైలో అర్ధరాత్రి స్వెట్టర్ వేసుకుని ఏసీలో కూర్చుని, ఎక్కడో మంచు మీద జరిగే ఆట వింటున్న తెలుగు కుర్రవాడు! అది ఇరవై రెండు పేజీల్లో ఒక్క చోటా లేదు. ఎందుకు దాచావు?

చివరి పేజీ పూర్తిగా కొట్టేశాను. 2040లో భారత పురుషుల జట్టు స్వర్ణం గెలవడం, జెండా పైకి లేవడం, నాయకుడి కన్నీళ్ళు. మన దేశం అంతర్జాతీయ సమాఖ్యలో 1989లో చేరింది. పురుషుల జట్టు ప్రపంచ పోటీల్లో అట్టడుగు డివిజన్‌లో కూడా ఇంతవరకు ఆడలేదు. ఆసియా ఛాలెంజ్ కప్ లాంటి వాటిలో ఆడి ఓడుతూ, అప్పుడప్పుడు గెలుస్తూ వస్తోంది. లద్దాఖ్‌లో చలికాలం గట్టిపడే చెరువులే చాలాకాలంగా వాళ్ళ ముఖ్య మైదానం. 2025లో మన అమ్మాయిలు ఎమిరేట్స్‌లోని అల్ ఐన్‌లో ఆసియా కప్ కాంస్యం తెచ్చారు. నిచ్చెన మొదటి మెట్టు దగ్గర ఉన్నవాళ్ళను రాయి. వాళ్ళను ఎత్తుకెళ్ళి వైకుంఠంలో కూర్చోబెట్టకు.

బాగున్నది కూడా చెప్పాలి కదా. 1950లో చెకోస్లొవేకియా ఆటగాళ్ళను లండన్ పోటీకి వెళ్ళనివ్వకుండా అరెస్టు చేసిన పేరా, గోలీ బోహుమిల్ మోద్రీకి 15 ఏళ్ళ శిక్ష పడిన రెండు వాక్యాలు బాగున్నాయి. అక్కడ చేయి పెట్టకు.

నువ్వు మూడు ప్రశ్నలు అడిగినట్టు గుర్తు. కలం పేరు అక్కర్లేదు, మీ నాన్నగారు పెట్టిన పేరుకు ఏమొచ్చింది? ఏ పత్రికకు పంపాలన్నదానికి నా దగ్గర జవాబు ఉంటే నా కథలే పంపుకునేదాన్ని. మూడోది ఏమిటో గుర్తు లేదు, ఉత్తరం ఏ పుస్తకంలో పెట్టానో వెతకాలి.

ముందుగా చేయవలసిన పని ఒకటి చెబుతాను. పెర్త్‌లో ఆ రోజు న్యూజిలాండ్ గోల్ ముందు నిలబడింది ఎవరో, 1949లో డెన్మార్క్ గోల్ ముందు నిలబడింది ఎవరో కనుక్కో. ఆ తర్వాత మధ్య ఇరవై నిమిషాలు అయిపోయి, ఆటగాళ్ళు గదిలోంచి మళ్ళీ మంచు మీదికి వచ్చే చోట మొదలుపెట్టి ఆరు పేజీలు రాయి. ఆరే. శనివారం సాయంత్రం నాలుగు దాటాక ఎప్పుడైనా తీసుకుని రా. ఆ వేళకు మా వీధిలో కుళాయి నీళ్ళు వస్తాయి, బిందెలు నిండేదాకా ఆగవలసి ఉంటుంది.

ఇట్లు
నీ శ్రేయోభిలాషి

తా.క.: పట్టికల పేజీలు నాలుగూ తిరిగి పంపడం లేదు. వెనకవైపు ఖాళీగా ఉన్నాయి, పాల లెక్కకు వాడుకుంటున్నాను.