తెల్ల చుక్కలు పోయాయంటే జబ్బు పోయినట్టేనా?

కొత్తగా తెచ్చిన బ్లూ టాంగ్ అనే సముద్రపు చేపకి ఒంటినిండా ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వచ్చాయనీ, వలలో చిక్కి తోక దగ్గర రెక్క చిరిగిందనీ, షాపతను ఇచ్చిన కాపర్ మందు మెయిన్ ట్యాంకులో పోసేలోపే చుక్కలు తగ్గిపోయాయనీ రాశారు. ఇప్పుడు మందు పోయాలా వద్దా అన్నది మీ ప్రశ్న.

పోయకండి. అలాగని జబ్బు తగ్గిందని ఊరుకోకండి కూడా. మూడేళ్ల కిందట నేనూ చుక్కలు పోయాయని మురిసిపోయి ఊరుకున్నాను. మా టాంగ్‌కి ఎడమవైపు పదకొండు చుక్కలుండేవి, రోజూ లెక్కపెట్టేవాణ్ణి. నాలుగో రోజుకి ఒక్కటీ లేదు. సరిగ్గా రెండు వారాలకి మళ్లీ వచ్చాయి, ఈసారి లెక్కపెట్టడానికి వీల్లేనంతగా. నా రెండు క్లౌన్ చేపలూ అప్పుడే పోయాయి. ఆ బాధ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దీన్ని మెరైన్ ఇక్ అంటారు, శాస్త్రీయ నామం క్రిప్టోకార్యాన్ ఇరిటాన్స్. మనకు కనిపించే చుక్క చేప చర్మం పొర కింద దూరి తింటున్న పరాన్నజీవి. మూడు నుంచి ఏడు రోజులు తిని, తనంతట తానే ఊడి కిందపడుతుంది. మీ చేప విషయంలో జరిగింది అదే. కిందపడ్డది చావదు. ఇసుకలోనో రాళ్లమీదో గట్టి గుల్ల కట్టుకుని, లోపల వందల పిల్లలుగా చీలుతుంది. ఆ పిల్లలు బయటికొచ్చాక ఒకటి రెండు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. అంటే ఈ క్షణాన మీ చేప మీద కంటే మీ ఇసుకలోనే జబ్బు ఎక్కువుంది.

మందు పనిచేసేది నీళ్లలో ఈదే ఆ పిల్లల మీదే. గుల్లని ఏ మందూ తాకదు. పైగా కాపర్ మెయిన్ ట్యాంకులో పడితే పగడాలు, రొయ్యలు, నత్తలు చస్తాయి. రాళ్లూ ఇసుకా దాన్ని పీల్చేసుకుని మోతాదు నిలవనివ్వవు. కాబట్టి చేపలన్నిటినీ, చుక్కల్లేనివాటితో సహా, బయటికి తీయండి. మెయిన్ ట్యాంకుని 76 రోజులు చేపల్లేకుండా నడపండి. గుల్లలు 72 రోజుల తర్వాత కూడా పొదిగిన దాఖలా ఉంది, ఆ లెక్క అక్కణ్ణుంచే వచ్చింది. పగడాలూ రొయ్యలూ అందులోనే ఉండొచ్చు.

బయటికి తీసిన చేపలకి నేను చేసింది టబ్బులు మార్చే పద్ధతి. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బులు రెండు, ఒక్కోదానికి హీటర్, ఎయిర్ స్టోన్, దాక్కోడానికి పీవీసీ గొట్టం ముక్కలు. ఇసుకా రాళ్లూ ఏమీ వద్దు. ప్రతి 72 గంటలకి, అదే వేళకి, చేపని కొత్త నీళ్లున్న టబ్బులోకి మార్చాలి. ఖాళీ అయిన టబ్బునీ సామాన్లనీ కడిగి ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. ఊడిపడ్డ గుల్లలు పొదిగేలోపే చేప అక్కడ ఉండదన్నమాట. నాలుగు మార్పులు, మొత్తం ఐదు టబ్బుల నీళ్లు. లీటరుకి సుమారు 36 గ్రాముల చొప్పున ఏడు కిలోలకు పైగా అక్వేరియం ఉప్పు పడుతుంది. ఫిల్టర్ ఉండదు కాబట్టి మేత తక్కువ వేసి, చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషం అమ్మోనియాని రోజూ టెస్ట్ చేసి చూడండి. దాన్ని కట్టేసే సీసా మందు ఇక్కడ వాడుకోవచ్చు, కాపర్ ఉన్న నీళ్లలో మాత్రం వద్దు.

కాపర్ చెడ్డదని కాదు. విడి టబ్బులో టెస్ట్ కిట్టుతో చూసుకుంటూ వాడితే మంచి మందే. కానీ మీ సీసా ఏ రకమో తెలియాలి. మామూలు అయానిక్ కాపర్ అయితే లీటరుకి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు, కీలేటెడ్ (రాగిని వేరే పదార్థంతో కట్టిపడేసిన) రకమైతే 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు. ఒకదాని లెక్క ఇంకోదానికి వేస్తే చేప దక్కదు. పొలాలకి కొట్టే మైలుతుత్తంలో ఉన్నదీ రాగే, కానీ ఎవరు చెప్పినా అది తెచ్చి కలపకండి.

ఒక్క విషయం ముందు తేల్చుకోండి. టార్చి పక్కనుంచి వేసి చూడండి. చుక్కలు ఉప్పురవ్వల్లా విడివిడిగా కాక గోధుమపిండి అద్దినట్టు సన్నగా ఉండి, చేప రొప్పుతూ మోటారు ధారకి ఎదురుగా నిలబడుతుంటే అది వెల్వెట్, అంటే వేరే పరాన్నజీవి తెచ్చే ఇంకో జబ్బు. అప్పుడు టబ్బులు మారుస్తూ కూర్చోవద్దు, విడి టబ్బులో వెంటనే కాపర్. వెల్వెట్ రెండు మూడు రోజుల్లో ప్రాణం తీస్తుంది.

మంచినీటి ముంచుడు గురించి కూడా అడిగారు. ఇక్‌కి అది పనిచేయదు, పురుగు చర్మం లోపలుంటుంది కదా. చేప ఒంటికి అంటుకునే చదునైన పురుగులుంటాయి, వాటిని ఫ్లూక్స్ అంటారు, వాటికి మాత్రం అద్భుతం. ఒకసారి కళ్లు మసకబారిన ఏంజెల్ చేపని అలా ముంచాను. ఆర్‌వో నీళ్లని ట్యాంకు వేడికి తెచ్చి, వంటసోడాతో పీహెచ్ సరిచేసి, గాలి బాగా పట్టించి, ఐదు నిమిషాలు. అప్పటిదాకా ఒంటిమీద కనిపించనివి తెల్లబడి నువ్వుగింజల్లా ఒక్కొక్కటే రాలి గిన్నె అడుగున చేరాయి. గుడ్లు ట్యాంకులో మిగులుతాయి గనక ఆ తర్వాత ప్రాజిక్వాంటెల్ అనే పురుగుల మందు వాడాల్సిందే.

ఇక చిరిగిన రెక్క. దాని గురించి అంత కంగారొద్దు. శుభ్రమైన నీళ్లలో, కడుపునిండా తిండి దొరికితే రెక్క అదే పెరుగుతుంది. మావాడికి అంగుళంలో మూడోవంతు చిరిగింది. వారానికి అంచున గాజులాంటి పొర కనిపించింది, నెల దాటేసరికి రంగు వచ్చింది. అంచు ఎర్రబడినా, దూదిలా బూజు పట్టినా, గాయం మొదలు వైపు పాకినా అప్పుడు యాంటీబయాటిక్, అదీ విడి టబ్బులోనే. ఇకముందు టాంగ్‌ని వలతో పట్టకండి. తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది, అది వలకి పట్టుకుంటే విడిపించేటప్పుడే చర్మం చీలుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా ముంచి, నీళ్లతో సహా ఎత్తండి.

మీ దగ్గర మొత్తం ఎన్ని చేపలున్నాయో, ఎంత సైజువో రాయండి. టబ్బు ఎంతది కావాలో, ఉప్పు ఎంత పడుతుందో లెక్కగట్టి ఇక్కడే చెప్తాను.