పాప మూడో పుట్టినరోజుకి ముందు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. పోయినేడాది పాప పుట్టినరోజు జరిగిన తీరు నీకింకా గుచ్చుకుంటూనే ఉందని చదివితే అర్థమైంది. సరిగ్గా కేక్ కోసే వేళకి పాప ఏడుపు, కరెంటు పోవడం, ఆలస్యంగా వచ్చినవాళ్లు తమ కోసం ఆగలేదని, తొందరగా వెళ్లాల్సినవాళ్లు తమని కూర్చోబెట్టేశారని అలగడం. ఈసారి ఆ లోటంతా తీరిపోయేలా పెద్ద హాలు తీసుకుని, రెట్టింపు మందిని పిలిచి ఘనంగా చేస్తానంటున్నావు.

వద్దమ్మా. పోయినేడాది బాకీని ఈ ఏడాది తీర్చాలని చూడకు. పాపకి నువ్వు బాకీ ఏమీ లేవు. రెండేళ్ల వయసులో జరిగినవి పెద్దయ్యాక గుర్తుండటం చాలా అరుదు. ఎక్కువమందికి మొదటి జ్ఞాపకాలు మూడేళ్లు, మూడున్నర ఏళ్ల వయసు నుంచే ఉంటాయి. ఆ సాయంత్రం గుర్తున్నది నీకు, మీ ఆయనకి, మీ అత్తగారికి. మీ ముగ్గురూ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోయే విషయానికి హాలు ఎందుకు?

నువ్వు రాసినదాన్ని వరసగా చూస్తే నాకు అందులో ఎవరి తప్పూ కనిపించలేదు. వేళ కుదరలేదు, అంతే. పాప రోజూ మధ్యాహ్నం పడుకునే పిల్ల. ఆ రోజు ఇంటినిండా మనుషులు, కొత్త బట్టలు, హడావిడి, దాంతో నిద్ర లేదు. ఏడింటికి కేక్ అనుకుని, ఇంకా ఎవరో రావాలని ఎనిమిదిన్నర దాకా ఆగారు. మామూలు రోజుల్లో అప్పటికి నిద్రలోకి జారిపోయే పసిపిల్లని బల్ల ముందు నిలబెట్టి, చుట్టూ చేరి ఒక్కసారిగా చప్పట్లు కొడితే ఏడవక ఏం చేస్తుంది? చిన్నపిల్లల బడిలో ఇన్నేళ్లు పనిచేసిన దాన్నిగా చెబుతున్నాను, పుట్టినరోజు నాడు పిల్లలు పెట్టే పేచీల్లో చాలావరకు నిద్ర వల్లో, ఆకలి వల్లో, ఎక్కువ జనం వల్లో వచ్చేవే. దాన్ని మొండితనం అనుకోకూడదు.

అందుకని ఈసారి పాప నిద్రని చూసుకుని వేళ పెట్టు. మధ్యాహ్నం పడుకుని లేచి, ఏదైనా కొంచెం తిన్న అరగంటకి మొదలుపెట్టు. మూడేళ్ల పిల్లకి గంటన్నర చాలు. రెండు గంటలు దాటితే వచ్చిన పిల్లలు కూడా అలిసిపోయి ఒకళ్లనొకళ్లు తోసుకోవడం మొదలుపెడతారు. పిలిచేటప్పుడు ఎన్నింటికి మొదలవుతుందో చెప్పినట్టే ఎన్నింటికి అయిపోతుందో కూడా చెప్పు. మొహమాటపడకు. చిన్నపిల్లలున్న తల్లులు లోపల సంతోషిస్తారు, వాళ్ల ఇళ్లలోనూ నిద్రవేళలు ఉంటాయి. ఎంతమంది పిల్లల్ని పిలవాలన్నదానికి ఒక పాత లెక్క ఉంది. పిల్ల వయసుకి ఒకటి కలిపితే ఎంతో అంతమంది. మూడేళ్లకి నలుగురు. బంధువుల పిల్లలతోనే అంతకు మించుతారని తెలుసు, అయినా ఆ లెక్క మనసులో ఉంటే చెయ్యి కాస్త బిగుస్తుంది.

కేక్ మాత్రం ఎవరి కోసమూ ఆపకు. ఎంత పెద్దవాళ్లయినా, ఎంత దగ్గరివాళ్లయినా సరే. ఆలస్యంగా వచ్చినవాళ్ల కోసం ఒక ముక్క తీసి ఉంచుతాం, వాళ్లకి అది చాలు. 'ఇక మొదలుపెడదాం' అనే మాట ఎవరు అనాలో ముందే అనుకోండి. మీ ఆయన అంటే బాగుంటుంది, నీ మీదకి మాట రాదు. ఇంకొకటి, పాప ఏడిస్తే ఎవరో ఒక్కళ్లే ఎత్తుకుని పక్కగదిలోకి తీసుకెళ్లండి. నలుగురూ నాలుగు వైపుల నుంచి బుజ్జగించొద్దు. ఏడుస్తున్న పిల్ల చేతికి కత్తి పట్టించి, గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పొద్దు. ఈ ఒక్క విషయంలో నాకు చాలా పట్టుదల. ఆ ఫోటో లేకపోతే ఏమీ కాదు.

అనుకున్నది తప్పిపోయిన క్షణంలో ఏం చెయ్యాలని అడిగావు. కేక్ కింద పడింది, వాన వచ్చింది, పిలిచినవాళ్లలో సగం మంది రాలేదు. ఏదైనా సరే, పిల్ల ముందు చూసేది నీ ముఖం. 1985లో అచ్చయిన ఒక పరిశోధనలో, ఏడాది వయసు పిల్లల్ని ఒక అద్దపు బల్ల మీద ఉంచారు. సగం దాటాక కింద లోతుగా ఉన్నట్టు కనిపిస్తుంది. అవతల తల్లి నిలబడి నవ్వుతుంటే 19 మంది పిల్లల్లో 14 మంది దాటి వెళ్లారు. తల్లి ముఖంలో భయం పెట్టుకుంటే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. మాటలు రాని వయసులోనే అంతగా చూస్తారు. మూడేళ్ల పిల్ల ఇంకెంత చూస్తుందో ఆలోచించు. నవ్వు నటించమని కాదు, పిల్లలు నటనని పట్టేస్తారు. జరిగింది జరిగినట్టు పైకి చెప్పెయ్యి. 'కేక్ పడిపోయింది. పైభాగం బాగానే ఉంది, అది తిందాం.' అంతే. ఎవరి వల్ల పడిందన్న విచారణ ఆ రోజు పెట్టుకోవద్దు, మర్నాడు కూడా వద్దు.

పాపకి జ్వరం వస్తే మాత్రం రెండో ఆలోచన లేకుండా వాయిదా వెయ్యి. మూడేళ్ల పిల్లకి తేదీ తెలియదు, నువ్వు 'ఇవాళే' అన్న రోజే దాని పుట్టినరోజు. మీ బాబాయి పుట్టింది ఫిబ్రవరి 29న. నాలుగేళ్లలో మూడేళ్లు ఆ తేదీ కేలెండర్‌లోనే ఉండదు. ఒక ఏడాది 28న, ఒక ఏడాది మార్చి 1న, వీలు కాకపోతే ఆ తర్వాతి ఆదివారం చేసుకుంటూ వచ్చాం. ఆయనకి ఏ లోటూ కలగలేదు. పాపకి జలుబు మాత్రమే ఉంటే, ఊదడానికి ఒక చిన్న కేక్ విడిగా పెట్టి, అందరికీ పంచేది వేరే ఉంచు. 2017లో క్లెమ్సన్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షించి చూస్తే, కొవ్వొత్తులు ఊదిన క్రీమ్ మీద ఊదని దాని కంటే సగటున 1400 శాతం ఎక్కువ బాక్టీరియా కనిపించింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల నోట్లోవి చాలావరకు హాని చెయ్యవు కాబట్టి మామూలు రోజుల్లో భయపడక్కర్లేదు.

భయపడాల్సినవి వేరే ఉన్నాయి. చల్లే నురగ స్ప్రే ఇంట్లోకి రానివ్వకు. వాటిలో నురగని తోసే గ్యాస్ చాలావరకు మండే రకం, పక్కన కొవ్వొత్తి వెలుగుతుంటే క్షణంలో అంటుకుంటుంది. గ్యాస్ బెలూన్లలో హైడ్రోజన్ నింపితే అదీ అంతే, అందుకని ఏ గ్యాస్ నింపారో అడిగి తీసుకో. పగిలిన రబ్బరు బెలూన్ ముక్కలు వెంటనే ఏరెయ్యాలి. పిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకి అతుక్కుని ఊపిరి ఆడదు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఇది ప్రమాదమని అమెరికాలో బెలూన్ ప్యాకెట్ల మీదే హెచ్చరిక అచ్చు వెయ్యాలి. ఈ ఏరే పని బాబుకి అప్పగించు. ఆరేళ్లవాడికి చెల్లెలి పుట్టినరోజు నాడు తనకీ ఒక బాధ్యత ఉందంటే మనసు కుదురుగా ఉంటుంది. కాకపోతే వెనక ఒక పెద్దవాళ్లు ఉండాలి.

ఇక నువ్వు అడిగినవాటిలో నాకు బాగా నచ్చిన మాటకి వస్తాను. 'మా ఇంట్లో ఏటా ఇలా చేస్తాం' అని పిల్లలు చెప్పుకునేది ఏదైనా మొదలుపెట్టాలని ఉందన్నావు. తప్పకుండా మొదలుపెట్టు. అయితే ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకో. పాప మంచం మీద జ్వరంతో ఉన్నా, మీ ఆయన వేరే ఊళ్లో చిక్కుకుపోయినా, ఆ నెల చేతిలో డబ్బు ఆడకపోయినా అది చెయ్యగలగాలి. అలంకరణలూ, ఏటా మారే పెద్ద కేకులూ ఈ పరీక్షకి నిలబడవు. ఒక ఏడాది తప్పితే మరుసటి ఏడాది మొదలుపెట్టడానికి మనసు రాదు, అలా ఆగిపోయిన ఆనవాయితీలు ఎన్నో చూశాను.

నిలబడేవి చిన్నవి. ఏటా అదే కుర్చీలో కూర్చోబెట్టి ఒక ఫోటో. ఎత్తు కొలిచి గీత గియ్యడం. అద్దె ఇల్లు కాబట్టి గోడ మీద కాకుండా పొడుగాటి గుడ్డ పట్టీ మీద గియ్యి, ఇల్లు మారినా చుట్టి పట్టుకెళ్లొచ్చు. ఒక నోటు పుస్తకం పెట్టి ఏటా అవే ప్రశ్నలు అడిగి, పాప చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టడం: నీకు ఎవరంటే ఇష్టం, దేనికి భయం, పెద్దయ్యాక ఏం చేస్తావు. దాని మాటల్ని సరిదిద్దకు. దాని వంకర మాటలే తర్వాత మీకు కావాల్సింది.

వీటన్నిటికన్నా నేను ముందు పెట్టేది, పుట్టిన రోజు కథ చెప్పడం. పాప పుట్టిన రాత్రి ఎవరెవరున్నారు, ఎంతసేపు ఎదురుచూశారు, మొదట ఎవరెత్తుకున్నారు, బాబు దాన్ని చూసి ఏమన్నాడు. పుట్టినరోజు నాడు పడుకునే ముందు దీపం తగ్గించి చెప్పు. ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే ఇద్దరు పరిశోధకులు, పిల్లలకి తమ కుటుంబం గురించి ఏం తెలుసో చూడటానికి 20 ప్రశ్నలు తయారు చేశారు. నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగిందో తెలుసా అన్నది వాటిలో ఒకటి. ఇలాంటివి ఎక్కువ తెలిసిన పిల్లల్లో తమ మీద తమకి నమ్మకం ఎక్కువగా కనిపించిందని వాళ్లు రాశారు. కథలు తెలిసినందుకే అలా అయ్యారా, కథలు చెప్పుకునే ఇల్లు కాబట్టి అయ్యారా అన్నది వేరే ప్రశ్న. ఎలా చూసినా నువ్వు నష్టపోయేది లేదు. పోయినేడాది కరెంటు పోయిన సంగతి కూడా ఆ కథలో కలిపెయ్యి. 'నీ రెండో పుట్టినరోజుకి చీకట్లో కేక్ తిన్నాం' అంటే ఏ పిల్లయినా మళ్లీ చెప్పమని అడుగుతుంది.

మీ అత్తగారి సంగతి చివరికి ఉంచాను, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. ఆవిడకి డెబ్బై నిండుతున్నాయని, చెప్పకుండా అందర్నీ పిలిచి ఆశ్చర్యపరుద్దామని మీ ఆడపడుచు అంటోందన్నావు. ఆ అమ్మాయి ప్రేమతోనే అంటోంది, అందులో సందేహం లేదు. కానీ మీ మామగారు పోయాక ఆవిడకి ఇదే మొదటి పుట్టినరోజు. తలుపు తియ్యగానే అంతమంది ముఖాలు ఒక్కసారి కనిపిస్తే, ఆ గుంపులో ఆవిడ కళ్లు వెతికేది లేని మనిషిని. అందరి ముందూ ఏడుపు ఆపుకోవాల్సిన పరిస్థితి ఆవిడకి తెచ్చిపెట్టొద్దు.

వయసు మాట కూడా ఉంది. వినికిడి మిషన్ పెట్టుకున్నవాళ్లకి గోలలో మిషన్ అన్ని శబ్దాల్నీ పెంచుతుంది, పక్కన కూర్చున్నవాళ్ల మాట అందులో కలిసిపోతుంది. పదిమంది ఒకేసారి పలకరిస్తే ఆవిడ నవ్వి ఊరుకుంటుంది, మీరంతా సంతోషంగా ఉందనుకుంటారు. పైగా ఈ వయసులో ఎదురుచూడటంలోనే సగం ఆనందం. ఏ బట్టలు కట్టుకోవాలి, ఎవర్ని పిలవాలి, ఎవరితో మాట్లాడి చాలా కాలమైంది అని పది రోజులు ఆలోచించుకునే భాగ్యాన్ని ఆవిడ దగ్గర నుంచి తీసుకోకండి.

అందుకని ముందే అడుగు. పనిలో ఉండగా అడగకు, ఇద్దరే ఉన్నప్పుడు అడుగు. 'ఈసారి ఎలా చేద్దాం అత్తయ్యా, మీకు ఏది బాగుంటుంది?' అను. 'ఏమీ వద్దమ్మా' అంటుంది. వెంటనే బతిమాలకు, అలాగని వదిలెయ్యకు. రెండు రోజులాగి, 'పొద్దున్న మనమే ఉందాం, మామయ్యగారి గురించి మాట్లాడుకుందాం' అని చూడు. మామగారి పేరు ఎత్తితే ఆవిడ బాధపడుతుందని మీరంతా జాగ్రత్తపడుతున్నారు, నాకు తెలుసు. ఎవరూ ఎత్తకపోవడమే ఆవిడకి ఎక్కువ బాధ. ఆవిడ అందర్నీ పిలవమంటే పిలవండి. ఉదయం పూట, ఇద్దరిద్దరుగా వచ్చేలా వేళలు చెప్పండి, గోడ పక్కన కుర్చీ వెయ్యండి. ఆశ్చర్యపరచాలన్న కోరిక మీ ఆడపడుచుకి తీరాలంటే ఒక్క మనిషిని దాచమను. ఆవిడ చిన్ననాటి స్నేహితురాలు ఇంకా ఉన్నారని నువ్వే ఒకసారి అన్నావు. ప్రయాణం చెయ్యగలిగితే ఆవిడని తీసుకురమ్మను, లేకపోతే ఫోన్ కలిపి ఇవ్వమను.

పాప పుట్టినరోజు ఏ తేదీన చేస్తున్నావో ఖాయం కాగానే ఫోన్ చెయ్యి. నేను ముందురోజే వస్తాను. బెలూన్లు ఊదడం నా వల్ల కాదు కానీ, తలుపు దగ్గర నిలబడి ఆలస్యంగా వచ్చినవాళ్లకి నేను సర్దిచెబుతాను. పాప మధ్యాహ్నం నిద్రపోయేటప్పుడు దాని గది దగ్గర కూర్చునే పని కూడా నాకే వదిలెయ్యి.

ఆశీస్సులతో,
మీ పిన్ని