ఫిల్మ్ సగంలో ఇరుక్కుపోతుంటే
కెమెరా ఫిల్మ్‌ను ఇంట్లో డెవలప్ చేసే (కడిగే) ముందు ప్లాస్టిక్ రీల్‌కు ఎక్కిస్తాం. పది పన్నెండు ఫ్రేములు ఎక్కాక ఆ రీల్ బిగుసుకుపోతోందంటే దాదాపుగా తడే కారణం. చెమ్మ తగిలితే ఫిల్మ్ మీది ఎమల్షన్ పూత జిగురెక్కి రీల్ గాడికి అంటుకుంటుంది.

అందరూ మరిచేది రీల్‌లోని స్టీలు గోళీలను. పైకి పొడిగా ఉన్నా వాటి చుట్టూ నీరు నిలుస్తుంది. రీల్‌ను రెండు ముక్కలుగా విడదీసి రాత్రంతా ఆరబెట్టండి. ఊపితే గోళీలు గలగలమనాలి.

1. 35 ఎంఎం ఫిల్మ్ నాలుకను (మొదట్లోని సన్నటి కొసను) అడ్డంగా, తిన్నగా కత్తిరించి, రెండు మూలలూ కాస్త గుండ్రం చేయండి. కత్తెర ఫిల్మ్ అంచు రంధ్రం మీద పడకూడదు.
2. చీకట్లో ఎక్కించేటప్పుడు ఇరుక్కుంటే తోయకండి, ఫిల్మ్ మడతపడి నెలవంక మచ్చలొస్తాయి.
3. అప్పుడు ఫిల్మ్‌ను, రీల్‌ను వెలుతురు చొరని డెవలపింగ్ ట్యాంకులో పెట్టి మూత బిగించండి. ట్యాంకు నడిమి గొట్టం తప్పనిసరి, లేకపోతే వెలుతురు లోపలికి పోతుంది. చేతుల చెమట, ఫిల్మ్ ఎక్కించే చీకటి బ్యాగులో ఉక్క తగ్గాక మళ్లీ ఎక్కించండి.