యోగా, ధ్యానంతో ఆయుష్షు పెరుగుతుందా? నా తొమ్మిదేళ్ల అనుభవం

యోగా, ధ్యానం చేస్తే ముసలితనం ఆలస్యంగా వస్తుందా, నిజంగా ఎక్కువ కాలం బతుకుతామా అని అడిగారు. నేను 52వ ఏట మొదలుపెట్టాను, ఇప్పుడు 61. జుట్టు నెరవడం ఆగలేదు, కళ్ల కింద ముడతలూ ఆగలేదు. ముఖం కోసమైతే ఆశ పెట్టుకోకండి. ఇక ఆయుష్షంటారా, యోగాచార్యులు కృష్ణమాచార్య నూరేళ్లు బతికారు, వివేకానంద 39 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇద్దరూ సాధకులే.

నాలో మారింది వేరే. అప్పట్లో నేల మీద కూర్చుంటే లేవడం గగనంగా ఉండేది. ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి మోకాలి మీద వేసి, ఒక్క క్షణం ఆగి లేచేదాన్ని. ఇప్పుడు చెయ్యి తగలకుండా లేస్తున్నాను. బ్రెజిల్‌లో క్లాడియో జిల్ అరౌజో అనే డాక్టరు బృందం 51 నుంచి 80 ఏళ్లవాళ్లు 2,002 మందితో సరిగ్గా ఇదే చేయించింది. ఆసరా ఎక్కువగా కావలసి వచ్చినవాళ్లలో తర్వాతి ఏళ్లలో మరణాలు ఎక్కువని 2012లో తేల్చింది. అలా లేవడమే ప్రాణం నిలబెడుతుందని కాదు. కాళ్లలో బలం, కీళ్లలో సాగుడు, ఒంటికి నిలకడ ఎంత మిగిలాయో అది చెప్పేస్తుంది.

నిలకడకు నాకు బాగా పనిచేసింది ఒంటికాలి మీద నిలబడే వృక్షాసనం. మొదటి నెల అయిదు సెకన్లు కూడా నిలవలేకపోయాను. గోడకు ఒక వేలు ఆనించి, ఎదురుగా స్విచ్‌బోర్డు మీద చూపు నిలిపేదాన్ని. అరికాలు వణుకుతుంది, బొటనవేలు నేలను గట్టిగా పట్టుకుంటుంది, చూపు పక్కకు పోయిందా ఒళ్లంతా ఊగిపోతుంది. ఇప్పుడు నిమిషం నిలుస్తాను. పడి తుంటి ఎముక విరిగి మంచాన పడ్డ పెద్దవాళ్లను దగ్గరగా చూశాను. అందుకే రోజుకు ఒక్క ఆసనమే చెయ్యగలం అనేవాళ్లకు ఇదే చెప్తాను.

ధ్యానం అసలు విలువ మా అమ్మను మంచం మీద చూసుకున్న మూడేళ్లలో తెలిసింది. జబ్బుపడ్డ పిల్లల్ని ఏళ్ల తరబడి చూసుకునే తల్లుల్లో, కణాల లోపల క్రోమోజోముల చివర ఉండి, వయసు మీద పడేకొద్దీ పొట్టివయ్యే టెలోమియర్లు ఇంకా పొట్టిగా ఉన్నాయని 2004లో ఒక పరిశోధన చెప్పింది. ఆ బృందంలోని ఎలిజబెత్ బ్లాక్‌బర్న్‌కు టెలోమియర్ల మీద పనికే 2009లో నోబెల్ వచ్చింది. ధ్యానం వాటిని పొడిగిస్తుందని ప్రచారం చేసేవాళ్లున్నారు, దానికి అంత గట్టి రుజువు లేదు. నాకు దక్కింది నిద్ర. రాత్రి రెండింటికి అమ్మ పక్క మార్చి వచ్చి, మంచం అంచున కూర్చుని, ఊపిరి వదిలినప్పుడల్లా ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టేదాన్ని. తప్పితే మళ్లీ ఒకటి. మనసు ఖాళీ చెయ్యాలని పోరాడినన్నాళ్లూ ఏమీ జరగలేదు. ఊపిరి నిమిషానికి ఆరేడుకు దిగాక దవడ వదులయ్యేది, నిద్ర పట్టేది.

ఒక జాగ్రత్త. వీడియో చూసి శీర్షాసనం వేసి, నెలన్నర మెడ తిప్పలేకపోయాను. గ్లకోమా (కంటి నరం దెబ్బతినే జబ్బు), అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు తలకిందుల ఆసనాల జోలికి వెళ్లకండి. ఎముకలు గుల్లబారినవాళ్లు నడుం బలవంతంగా ముందుకు వంచకండి. పతంజలి ఆసనం గురించి చెప్పింది "స్థిరసుఖమాసనమ్" అని, అంటే స్థిరంగా, సుఖంగా ఉండేదే ఆసనమని. నొప్పి భరించమని కాదు.

మోకాళ్లకు పెద్ద ఇబ్బంది లేకపోతే, పక్కన ఒకరిని ఉంచుకుని ఇవాళే ఒకసారి నేల మీద కూర్చుని లేవండి. ఎన్నిసార్లు ఆసరా పట్టాల్సి వచ్చిందో తేదీ వేసి రాసిపెట్టుకోండి. మూడు నెలల తర్వాత మళ్లీ చూడండి. నాకు మొదటిసారి నాలుగు.