మూడో ఏడు మొదలయ్యేలోపు

అమ్మడూ,

టెన్నిస్ జట్టులో నీకు చోటొచ్చిందని మీ నాన్న ఫోన్ చేసి ఒకటే సంబరం. నీ ఆట గురించి చెప్పేంత వాణ్ణి కాను. కానీ ఇక్కడ అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు చదువు విషయంలో సలహాలు చెబుతూనే ఉద్యోగం వెళ్లదీసినవాణ్ణి కదా, ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటలు నడిపే సంఘం) డివిజన్ వన్, అంటే దాని పై స్థాయి రూల్స్ గురించి మాత్రం ఊరుకోలేను. ఇవి దాటితేనే ఆడనిస్తారు.

సెమిస్టర్‌కి 12 క్రెడిట్లు (ఒక్కో కోర్సుకి ఇన్ని అని ఇచ్చే లెక్క) తీసుకుని ఉండాలి. కెమిస్ట్రీ భయపెట్టిందని మధ్యలో డ్రాప్ చేసి తొమ్మిదికి దిగావనుకో, మ్యాచ్ సంగతి అటుంచి ప్రాక్టీసుకి కూడా రానివ్వరు. పైగా నీది ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా. ఇంటర్నేషనల్ ఆఫీసు ముందుగా ఒప్పుకోకుండా 12 కంటే తగ్గితే వీసా స్టేటస్‌కే ఎసరు. అందుకే మొదట్లోనే 15 తీసుకో. ఒకటి వదిలేయాల్సి వచ్చినా గట్టున పడతావు.

ప్రతి సెమిస్టర్‌లో కనీసం 6 క్రెడిట్లు పాసవ్వాలి. ఫాల్, స్ప్రింగ్ రెండు సెమిస్టర్లూ కలిపి 18 రావాలి. రెండో ఏడు మొదలయ్యేసరికి మొత్తం 24. ఈ 24కి సమ్మర్ క్లాసులు పనికొస్తాయి గానీ, ఆ 18కి పనికిరావు. సమ్మర్‌లో లాగించేద్దాంలే అనుకుని బోల్తాపడ్డవాళ్లని చాలామందిని చూశాను.

జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు గురించి నీకు టెన్షన్ అక్కర్లేదు. మీ కాలేజీ డిగ్రీకి 2.0 అడిగితే, రెండో ఏటికి 1.8, మూడో ఏటికి 1.9, నాలుగో ఏటికి 2.0 చాలు.

అసలు చిక్కంతా శాతాల దగ్గరే. మూడో ఏడు మొదలయ్యేసరికి నీ డిగ్రీలో 40 శాతం పూర్తవ్వాలి, నాలుగో ఏటికి 60, ఐదో ఏడు ఆడితే 80. గుర్తుపెట్టుకో, చదివిన క్రెడిట్లలో కాదు, ఎంచుకున్న డిగ్రీకి లెక్కకొచ్చే క్రెడిట్లలో. నా దగ్గరికొచ్చిన ఒక ఈతగాడు రెండేళ్లలో 56 క్రెడిట్లు చేశాడు. బుద్ధిమంతుడే. రెండో ఏడు చివర్లో మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు మార్చాడు. కొత్త డిగ్రీకి 120 కావాలి, అంటే 40 శాతానికి 48. అతని 56లో కొత్త డిగ్రీకి పనికొచ్చినవి 42. ఆ ఫాల్‌లో వాడు ఈత కొట్టలేదు, గట్టు మీద కూర్చుని టైమ్ రాసుకున్నాడు. తప్పు వాడిదొక్కడిదే అనను. ఫారం మీద సంతకం పెట్టిన సలహాదారు ఒక్క ప్రశ్న అడగలేదు. (అది నేను కాదులే.)

మేజర్ మార్చొద్దని చెప్పట్లేదు, నచ్చని చదువు నాలుగేళ్లు మోయడం దండగ. మార్చే ముందు డిగ్రీ ఆడిట్ (డిగ్రీకి ఏవి లెక్కకొచ్చాయో చూపే కాగితం) తీయించి, డిపార్ట్‌మెంట్ అడ్వైజర్‌నీ, ఈ రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసునీ ఇద్దర్నీ అడుగు. జవాబు ఈమెయిల్‌లో తీసుకో. కోచ్ "ఏం ఫర్లేదు" అన్నాడని ఆగిపోకు, ఆయన మంచివాడే అయ్యుండొచ్చు గానీ ఆయన చూసేది స్కోర్‌బోర్డు. ఇంకోటి, డి గ్రేడ్ వస్తే పాసయ్యాననుకోకు. మీ డిపార్ట్‌మెంట్ ఆ సబ్జెక్టులో సి అడిగితే ఆ క్రెడిట్లు శాతంలోకి రావు.

తమ్ముడు కూడా ఈ దారే పడతానంటున్నాడట. వాడికి హైస్కూల్లో 16 కోర్ కోర్సులు (ముఖ్యమైన చదువు సబ్జెక్టులు), వాటిలో 2.3 జీపీఏ కావాలి. 2023 నుంచి ఎన్‌సీఏఏ శాట్ (కాలేజీ ప్రవేశ పరీక్ష) స్కోరు అడగట్లేదు. తొమ్మిదో తరగతి నుంచే లెక్క మొదలవుతుంది కాబట్టి, మార్కుల మెమోలన్నీ ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టమని మీ అమ్మతో చెప్పు.

మీ పెదనాన్న